బిడ్డ ఇల్లు చేరింది, అవ్వకు నిద్ర లేదు

అనంతపురం పల్లెల్లో బిడ్డకు పెద్ద జబ్బు చేసిందంటే ఇల్లు రెండు ముక్కలవుతుంది. అమ్మానాన్నలు బిడ్డను ఎత్తుకుని బెంగళూరు బస్సెక్కుతారు. అవ్వాతాతలు ఊళ్లోనే ఉండిపోతారు. బడికి పోయే పెద్దబిడ్డ, రెండు ఎనుములు, వాన కోసం ఎదురుచూస్తున్న చెనిక్కాయ పైరు, కట్టాల్సిన సంఘం కంతు, అన్నీ వాళ్ల మీద పడతాయి. కడప ఇళ్లలో అయితే ఆ బస్సు తిరుపతికో వేలూరుకో పోతుంది. కర్నూలు ఇళ్లలో అయితే హైదరాబాదుకు పోతుంది. ఊరు ఏదైనా వెనక మిగిలేది ముసలివాళ్లే.

బిడ్డను డాక్టర్లు చూసుకుంటారు. తల్లిదండ్రుల టెన్షన్ గురించి చుట్టాలు మాట్లాడుకుంటారు, ఫోన్లు చేసి ధైర్యం చెబుతారు. అవ్వాతాతల మనసు ఎలా ఉందని అడిగేవాళ్లు మాత్రం అరుదు. పెద్దవాళ్లు కదా, ఎన్ని చూసి ఉంటారు, వాళ్లే తట్టుకుంటారులే అనుకుంటారు. పైగా ఆ ఇంట్లో మిగతావాళ్లకు ధైర్యం చెప్పాల్సిన బాధ్యత కూడా వాళ్లదే అయిపోతుంది. ధైర్యం చెప్పే మనిషికి భయంగా ఉందని ఎవరికి తోస్తుంది?

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పెద్దవాళ్ల బాధ చాలాసార్లు బిడ్డ జబ్బుతో ఉన్నప్పుడు కాదు, బిడ్డ బాగై ఇంటికొచ్చాక బయటపడుతుంది. జబ్బు నడుస్తున్నన్నాళ్లూ చేయాల్సిన పని చేతినిండా ఉంటుంది. పొద్దున పాలు పితకాలి, బిడ్డను బడికి పంపాలి, బ్యాంకుకు పోవాలి, వచ్చిన ఫోనుకల్లా బదులు చెప్పాలి. ఒళ్లు ఆ పనుల మీద నిలబడి ఉంటుంది. అన్నీ సద్దుమణిగి ఇంట్లో నవ్వులు వినబడేసరికి అవ్వ మంచాన పడుతుంది. అప్పటికి మిగతావాళ్లు గండం గట్టెక్కిందని ఊపిరి పీల్చుకుని ఉంటారు. "ఇంకేం దిగులు, అంతా బాగైంది కదా" అంటారు. ఆ మాటతో ఆమె నోరు మూతపడుతుంది.

అవ్వకు దుఃఖం ఇద్దరి కోసం. మంచం మీద సూదులు పొడిపించుకుంటున్న మనవడి కోసం ఒకటి. ఆ మంచం పక్కన కూర్చుని తిండీ నిద్రా మాని చిక్కిపోతున్న తన కూతురి కోసమో కొడుకు కోసమో ఇంకొకటి. ఆమెకు మనవడు ఎంతో, కూతురూ అంతే బిడ్డ. తల్లికి తన బిడ్డ కోసం ఏడ్చే హక్కు ఉందని లోకం ఒప్పుకుంటుంది. ఆ తల్లిని చూసి ఏడ్చే తల్లికి ఆ చోటు ఇవ్వదు. అందుకే అవ్వలు పెరట్లో ఏడుస్తారు, పొయ్యి ముందు పొగ సాకుతో ఏడుస్తారు.

దీనికి మన భాషలో మంచి మాటలే ఉన్నాయి. దూరమైన మనిషి కోసం బెంగ. ఏం జరుగుతుందోనని గుబులు. మనసు మీద బరువులా కూర్చునేది దిగులు. లోపల్లోపలే తినేసి మనిషిని ఎండబెట్టేది మనేద. "బిడ్డ మీద మనేద పెట్టుకుని చిక్కిపోయింది" అని సీమలో అంటారు. డిప్రెషన్ అనే మాట ఈ ఇళ్లలోకి టీవీలో వచ్చింది గానీ, అది తనకు సంబంధించిన మాట అని ఏ అవ్వా అనుకోదు. "మనసుకు దిగులుగా ఉందా అవ్వా?" అని డాక్టరు అడిగితే "దిగులేముంది నాయనా, బిడ్డ బాగుండాడు కదా" అంటుంది. ఆ వెంటనే కడుపులో మంట, కాళ్లు ఒకటే పీకులు, రాత్రి రెండు గంటలకే మెలకువ, తల దిమ్ము అని చెప్పుకుంటుంది. ముసలితనంలో డిప్రెషన్ చాలామందిలో కనబడేది ఈ రూపంలోనే. ఏడుపు తక్కువ, ఒంటి నొప్పులు ఎక్కువ. గ్యాస్ మాత్రలు, నొప్పి మాత్రలు రాసిచ్చి పంపేస్తే అసలు జబ్బు అక్కడే ఉండిపోతుంది.

దాచిపెట్టిన మాట

"అవ్వకు చెప్పొద్దు, తట్టుకోలేదు." బిడ్డకు పెద్ద జబ్బని తేలిన రోజున చాలా ఇళ్లలో మొదట అనుకునే మాట ఇదే. ప్రేమతో అనేదే. కానీ దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుంది. ఫోనులో కూతురి గొంతు మారిపోవడం ఆమెకు తెలుస్తుంది. అల్లుడు ఉన్నట్టుండి పొలం కాగితాలు అడగడం తెలుస్తుంది. చివరకు నీళ్ల కొళాయి దగ్గరో, రేషను కోసం నిలబడినప్పుడో, పక్కింటామె నోట వింటుంది. తనకు చెప్పలేదంటే బిడ్డ దక్కడేమో అనుకుంటుంది. నిజం కన్నా ఆ ఊహే ఎన్నో రెట్లు భయంకరంగా ఉంటుంది.

ఆమెకు ఆ భయం ఊరికే రాలేదు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో 129 మంది ఏడాది నిండకముందే చనిపోయేవారు. 2020 నాటికి ఆ లెక్క 28కి తగ్గింది. ఇప్పుడు 65, 70 ఏళ్లున్న అవ్వలు ఆ మొదటి కాలంలో పెరిగి, ఆ కాలంలోనే కాన్పులు చూసినవాళ్లు. తోడబుట్టినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లున్నారు. కడుపున పుట్టినవాళ్లను పోగొట్టుకుని, ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తనివాళ్లూ ఉన్నారు. బిడ్డకు వారం రోజులు జ్వరం తగ్గకపోతే ఏమయ్యేదో వాళ్లు కళ్లారా చూశారు. మనవడికి జబ్బు చేయగానే నలభై ఏళ్ల కింద పాడె కట్టిన బిడ్డ గుర్తుకొస్తుంది. ఇప్పటి భయంలో ఆనాటి దుఃఖం కూడా కలిసి ఉంటుందని ఇంట్లో చిన్నవాళ్లకు తెలియదు. తెలియదు కాబట్టి "ఊరికే అతి చేస్తోంది" అని విసుక్కుంటారు.

క్యాన్సర్ అనే మాట దగ్గర ఈ తేడా బాగా కనబడుతుంది. అవ్వల తరానికి క్యాన్సర్ అంటే చావే. కానీ చిన్నపిల్లల్లో ఎక్కువగా కనబడే క్యాన్సర్ రక్తానికి సంబంధించినది. దాన్ని అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అంటారు. అది రెండు నుంచి ఐదేళ్ల వయసులో ఎక్కువగా వస్తుంది. వైద్యం రెండు మూడేళ్లు సాగుతుంది. సరిగా అందితే ఎక్కువమంది పిల్లలు బతుకుతారు. వైద్యం బాగా అందే దేశాల్లో వంద మందిలో తొంభై మంది దాకా నయమవుతున్నారు. ఈ ఒక్క ముక్క అవ్వకు అర్థమయ్యేలా ఎవరైనా కూర్చోబెట్టి చెబితే ఆమె రాత్రులు వేరుగా ఉంటాయి. చెప్పేవాళ్లు ఉండరు. వార్డులో ఒక్కరినే ఉండనిస్తారు, ఆ ఒక్కరూ తల్లి. చూడటానికి వచ్చిన అవ్వ వరండాలో, చుట్టూ కన్నడమో తమిళమో మాట్లాడుకుంటుంటే, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. డాక్టరు తల్లికి చెప్పినదాంట్లో సగం తల్లికే తలకెక్కదు, అందులో సగం అవ్వదాకా రాదు.

ఇంకో దాపరికం కూడా ఉంది. అది ఊరి నుంచి దాచడం. బిడ్డ ఆడపిల్ల అయితే మరీను. "రేపు పెండ్లి కావాల, బయట చెప్పొద్దండి" అంటారు. గుండె ఆపరేషన్ అయి ఛాతీ మీద కుట్లు పడిన పాపను, నెలనెలా రక్తం ఎక్కించుకునే పాపను చుట్టాల కంటికి కనబడకుండా చూసుకుంటారు. మందులతో జుట్టంతా ఊడిపోయి బిడ్డ ఊరికొస్తే "తిరుపతికి పోయొచ్చినారా?" అని అడుగుతారు. అవ్వ "ఔనమ్మా" అంటుంది. ఆ అబద్ధం ఆమె ఒక్కసారి చెప్పి ఊరుకునేది కాదు. గుమ్మంలోకి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాలి. స్టెరాయిడ్ మందులకు బిడ్డ మొగం ఉబ్బితే "బాగా ఒళ్లు చేసినాడే" అంటారు, దానికీ తల ఊపాలి. అరవై ఏళ్లుగా అరుగు మీద కూర్చుని కష్టసుఖాలు చెప్పుకున్న మనిషికి, అన్నిటికన్నా పెద్ద కష్టం వచ్చినప్పుడు చెప్పుకునే చోటు లేకుండా పోతుంది. పట్నాల్లో పెద్దవాళ్లు ఒంటరివాళ్లయిపోయారని అంటుంటారు. చుట్టూ మనుషులున్న పల్లెలో ఈ ఒంటరితనం దానికేమీ తీసిపోదు.

మేనరికం అనే ముల్లు

సీమలో ఈ విషయాన్ని మేనరికం ఊసు లేకుండా మాట్లాడలేం. అక్క కూతుర్ని తమ్ముడికి ఇవ్వడం, మేనత్త కొడుకుకు చేసుకోవడం ఇక్కడ తరతరాలుగా ఉన్నదే. పొలం చీలిపోకూడదని చేశారు. కూతురు తెలిసిన ఇంట్లో ఉంటే కష్టపెట్టరని చేశారు. కట్నం బాధ తప్పుతుందని చేశారు. ఆ సంబంధం కుదిర్చింది ఎవరంటే, చాలా ఇళ్లలో ఇప్పుడు అవ్వాతాతలుగా ఉన్నవాళ్లే.

ఆసుపత్రిలో డాక్టరు అడిగే తొలి ప్రశ్నల్లో ఒకటి "మీది మేనరికమా?" అని. డాక్టరుకు అది జబ్బు తెలుసుకోవడానికి అవసరమైన సమాచారం. ఆ గదిలో ఉన్న అవ్వకు మాత్రం తన మీద పడిన తీర్పులా వినబడుతుంది. "నేనే నా తమ్ముడికి ఇచ్చి చేసినాను. నేనే బిడ్డ గొంతు కోసినాను." ఇలాంటి మాట ఆ తర్వాత ఏళ్లపాటు ఆమె లోపల తిరుగుతుంటుంది. పైకి అనేవాళ్లున్నా, అనకపోయినా తిరుగుతూనే ఉంటుంది.

అందుకే ఇక్కడ లెక్క సరిగా తెలియడం ముఖ్యం. రక్తసంబంధం లేని దంపతులకు పుట్టే ప్రతి వంద మంది బిడ్డల్లో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతోనే ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య పెళ్లైతే అది సుమారు రెట్టింపవుతుంది. మేనమామతోనే పెళ్లైతే ఇంకొంచెం ఎక్కువ. అంటే ప్రమాదం నిజమే, కాదనడానికి లేదు. అదే సమయంలో మేనరికంలో పుట్టిన బిడ్డల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారన్నదీ నిజమే. అవ్వ తల్లి కాలంలోనూ, అవ్వ కాలంలోనూ కళ్లముందు కనబడింది ఆ ఎక్కువమందే. తెలిసి చేసిన తప్పు అనడానికి వీల్లేదు.

ఏ జబ్బుకు మేనరికంతో సంబంధం ఉందో, దేనికి లేదో కూడా విడదీసి చెప్పాలి. తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారవని జబ్బు) వంటివి తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే వస్తాయి. ఇద్దరూ పైకి ఆరోగ్యంగా ఉండి, లోపల ఆ జన్యువును మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒకే కుటుంబంలో పెళ్లైతే ఇద్దరి దగ్గరా ఒకే జన్యువు ఉండే అవకాశం పెరుగుతుంది. చిన్నపిల్లల రక్త క్యాన్సర్ సంగతి అలా కాదు. అందులో ఎక్కువ శాతం వంశపారంపర్యంగా వచ్చేది కాదు. రోడ్డు ప్రమాదానికో, మెదడువాపు జ్వరానికో మేనరికానికీ సంబంధమే లేదు. కానీ ఇల్లు అంత దూరం ఆలోచించదు. ఏ జబ్బు వచ్చినా వేలు ఆ పెళ్లి వైపే చూపుతుంది. డాక్టరు "మీ సంబంధం వల్ల వచ్చింది కాదు ఇది" అని ఒక్క మాట అవ్వ వినేలా చెబితే చాలు, ఏళ్ల బరువు దిగుతుంది. సంబంధం ఉన్న జబ్బైతే ఆ ఇంట్లో తర్వాతి పెళ్లికి ముందు, తర్వాతి కాన్పుకు ముందు రక్తపరీక్ష చేయించాలని చెప్పడం ఉపయోగం. జరిగిపోయిన పెళ్లి గురించి ముసలామెను నిలదీయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

మేనరికపు ఇంట్లో ఇంకో కష్టం దాగి ఉంది. బయటి సంబంధమైతే రెండు కుటుంబాలుంటాయి. ఒక ఇల్లు కూలిపోతే ఇంకో ఇల్లు ఆసరా అవుతుంది. అమ్మ తరఫున అవ్వ ఆసుపత్రికి పోతే, నాన్న తరఫున జేజి ఇల్లు చూసుకుంటుంది. అక్క కూతుర్ని తమ్ముడు చేసుకున్న ఇంట్లో బిడ్డకు జేజి అయిన మనిషే బిడ్డ తల్లికి అవ్వ. ఒకే మనిషి ముందు మనవరాలు ఏడుస్తుంది, కొడుకు ఏడుస్తాడు, కూతురు ఏడుస్తుంది, మునిమనవడు మంచాన ఉంటాడు. నిందించాలన్నా బయటివాళ్లు లేరు. ఆసరా అడగాలన్నా బయటివాళ్లు లేరు.

బయటి సంబంధమైన ఇళ్లలో నింద వేరే దారి పడుతుంది. "ఆ పిల్ల కాలు పెట్టిన గాచారం" అని జేజి కోడలిని అంటుంది. అది తప్పు మాటే, బిడ్డ కోసం కుమిలిపోతున్న తల్లి మీద పడే రెండో దెబ్బ. అయితే ఆ మాట వెనక ఏముందో కూడా చూడాలి. ఆసుపత్రిలో కోడలి పక్కన ఉన్నది కోడలి తల్లి. జేజికి బిడ్డను ముట్టుకునే వీలు లేదు, ఏ మందు ఎందుకో తెలియదు, అడిగితే విసుగు. చేతిలో ఏమీ లేని మనిషి భయాన్ని కోపంగా మార్చుకుంటుంది. కోపాన్ని ఆపాలంటే ముందు ఆమె చేతికి ఒక పని ఇవ్వాలి.

మొక్కులు, ఒక్క పొద్దులు

బిడ్డకు బాగైతే కదిరి నరసింహస్వామికి, కసాపురం ఆంజనేయస్వామికి, తిరుమలకు మొక్కుకుంటారు. కడప పెద్ద దర్గాకు పోయేవాళ్లలో హిందువులూ ఎక్కువే. గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కే ఇళ్లలో మతం లెక్కలోకే రాదు. చదువుకున్న పిల్లలు వీటిని మూఢనమ్మకమని తీసిపారేస్తుంటారు. అలా తీసిపారేయడం తొందరపాటు. డాక్టర్లు, నర్సులు, అమ్మానాన్నలు అందరికీ తలా ఒక పని ఉన్నప్పుడు, బిడ్డ కోసం అవ్వ తన చేతులతో చేయగలిగేది అదొక్కటే. దిష్టి తీయడం, దీపం పెట్టడం, ముడుపు కట్టడం ఆమెకు ఊపిరి నిలిపే పనులు. వైద్యానికి అడ్డం రానంతవరకు వాటిని ఆపాల్సిన పని లేదు.

ఒక్క దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. అది ఒక్క పొద్దు. శనివారం ఒక్క పొద్దు, సోమవారం ఒక్క పొద్దు, బిడ్డ ఇంటికి వచ్చేదాకా రాత్రి తిండి మానేయడం. షుగరు ఉన్న అవ్వలు పొద్దున మాత్ర వేసుకుని తిండి మానేస్తారు. కొన్ని రకాల షుగరు మాత్రలతో అలా చేస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పడతాయి, ఒళ్లు వణుకుతుంది, గుండె దడదడలాడుతుంది, కళ్లు తిరుగుతాయి. ఇంట్లోవాళ్లు బిడ్డ దిగులుతో వచ్చిన దడే అనుకుంటారు. వెంటనే ఇంత బెల్లమో చక్కెర నీళ్లో ఇస్తే నిమిషాల్లో తేరుకునే మనిషి, గుర్తించకపోతే ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. ఒక్క పొద్దు ఉండాలనుకుంటే మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడి ఉండాలి. దేవుడి పేరు చెప్పి కాదనక్కర్లేదు, మాత్ర పేరు చెప్పి ఒప్పించవచ్చు.

అసలు ఇలాంటి ఇళ్లలో పెద్దవాళ్ల మందులే ముందుగా ఆగిపోతాయి. బీపీ మాత్రలు అయిపోతే తెచ్చేవాళ్లు ఊళ్లో లేరు. ఉన్నా, "బిడ్డ అంత కష్టంలో ఉంటే నాకేం మాత్రలు" అనుకుంటారు. ఇంటికి బిడ్డ క్షేమంగా తిరిగొచ్చిన నెలలో అవ్వకు పక్షవాతం వచ్చిందంటే దాని వెనక ఇలా ఆగిపోయిన బీపీ మాత్రలు ఉండొచ్చు.

తాత సంగతి

తాత ఏడవడు. కనీసం ఎవరి ముందూ ఏడవడు. ఆయన బాధంతా డబ్బు పనుల్లోకి పోతుంది. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో మొదట మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. పుట్టపర్తిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు. ఆపరేషన్ ఖర్చు అలా గట్టెక్కినా, పోను రాను చార్జీలు, ఆసుపత్రి పక్కన అద్దె గది, రెండు పూటల తిండి, పోయిన కూలి ఎవరూ ఇవ్వరు. వాటికోసం అవ్వ కమ్మలు కుదువకు పోతాయి. గొర్రెలు సంతకు పోతాయి. నెలకు వచ్చే నాలుగు వేల పింఛను బస్సు చార్జీలైపోతుంది. ఇవన్నీ చక్కబెట్టేది తాత. మాట తగ్గుతుంది, బీడీ పెరుగుతుంది, మందు అలవాటున్న మనిషైతే అదీ పెరుగుతుంది. పొలంలో పని లేకపోయినా పొద్దున పోయి చీకటిపడ్డాక వస్తాడు. గట్టివాడని ఊరు మెచ్చుకుంటుంది. నాలుగు రోజులు మాట్లాడకుండా ఉన్న మగమనిషిని గట్టివాడని మెచ్చుకునే అలవాటు వల్ల చాలా ఇళ్లు ఆలస్యంగా మేలుకుంటున్నాయి.

అందరూ తిరిగొచ్చాక

బిడ్డ బాగై వచ్చాడు. అవ్వ చేతి సంగటి తిన్నాడు. ఇంటి ముందు ఆడుకుంటున్నాడు. మరి ఆమెకు నిద్ర ఎందుకు పట్టదు?

బిడ్డకు కొంచెం ఒళ్లు వెచ్చబడితే చాలు, ఆ మొదటి రోజు కళ్లముందుకొస్తుంది. అప్పుడూ ఇలాగే మామూలు జ్వరమే అనుకున్నారు కదా. అందుకే రాత్రి నాలుగుసార్లు లేచి నుదురు తాకి చూస్తుంది. ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెడుతుంది. పరీక్షలకు మళ్లీ ఆసుపత్రికి పోవాల్సిన తేదీ దగ్గరపడేకొద్దీ తిండి తగ్గిస్తుంది. గుండెలో రంధ్రం పూడ్చాక, డాక్టరు ఆడుకోనివ్వమని చెప్పిన బిడ్డను కూడా పరిగెత్తనివ్వదు, ఎండలోకి పోనివ్వదు, చెట్టెక్కనివ్వదు. అమ్మ ఆడుకోనివ్వమంటుంది, అవ్వ వద్దంటుంది. అక్కడ గొడవ మొదలవుతుంది. ఆ గొడవను పెంపకం విషయంలో తరాల తేడాగా చూస్తారు. నిజానికి అది తగ్గని భయం. "అవ్వా, డాక్టరు దగ్గరకు ఈసారి నువ్వూ రా, ఆయన నోటితోనే విను" అని ఒక్కసారి తీసుకుపోతే, ఇంట్లో వంద వాదనలు చేయలేని పని జరుగుతుంది.

ఇంకొకటి ఎవరి లెక్కలోకీ రాదు. ఈ రెండేళ్లూ పెద్దబిడ్డ అవ్వ దగ్గరే పెరిగింది. జడ వేసింది అవ్వ, క్యారియర్ కట్టింది అవ్వ, రాత్రి పక్కలో పడుకోబెట్టుకుంది అవ్వ. "అమ్మ ఎప్పుడొస్తుంది" అని ఆ బిడ్డ అడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి నిద్రపుచ్చింది అవ్వ. చిన్నబిడ్డ బాగయ్యాక, తల్లిదండ్రులు పనులు చేసుకుంటున్న ధర్మవరానికో బెంగళూరుకో పెద్దబిడ్డను కూడా తీసుకుపోతారు. అది న్యాయమే, జరగాల్సిందే. కానీ ఆ మర్నాడు పొద్దున ఆ ఇంట్లో ఏముంటుంది? దండెం మీద ఒక పాత గౌను, గోడ మీద పెన్సిల్ గీతలు. జబ్బు పోయిన సంతోషంలో తనకు ఈ బిడ్డ దూరమైందని చెప్పుకోవడానికి అవ్వకు నోరు రాదు. చెబితే స్వార్థం అంటారని భయం. మనసు కుంగిపోవడానికి ఇదొక్కటే చాలు. దీనికి మందు కూడా ఇంట్లోనే ఉంది. పెద్దబిడ్డను ఒక్కసారిగా తెంచి తీసుకుపోకుండా, సెలవులకు, పండక్కి, నెలకో శనివారం అవ్వ దగ్గరకు పంపడం. ఫోన్ చేసినప్పుడు ఆ బిడ్డను అవ్వతో ముందు మాట్లాడించి, ఆ తర్వాత మిగతావాళ్లు మాట్లాడటం.

బిడ్డ దక్కని ఇళ్లూ ఉన్నాయి. అక్కడ అవ్వాతాతల మాట వేరు. "పోవాల్సిన ముసలిదాన్ని నేనుంటే, నా బిడ్డను తీసుకుపోతివే దేవుడా" అనే ఏడుపు ఆ ఇళ్లలో వినబడుతుంది. మామూలు రోజుల్లో మనవడి తల నిమిరి "నా ఆయుస్సు కూడా పోసుకుని బతుకు" అని దీవించిన నోరే అది. ఆ దీవెనలో ఉన్న బేరం చెల్లలేదని ఆమెకు అనిపిస్తుంది. ఏడుపులో వచ్చిన మాటకు, దుఃఖంలో వచ్చిన మాటకు భయపడనక్కర్లేదు. అదే మాట ఏడుపు లేకుండా, నింపాదిగా, రోజూ వస్తుంటే, దానితోపాటు తిండి తగ్గి, మందులు మానేసి, నగలు పంచిపెట్టడం, అప్పులు తీర్చేయడం మొదలైతే ఆగి కూర్చుని అడగాలి. "అవ్వా, చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగానే అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగినందువల్ల చాలామందికి బరువు తగ్గుతుంది. ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉండే పల్లెల్లో, అడగడంతో పాటు ఆ డబ్బాలు తాళంలో పెట్టడం కూడా అంతే అవసరం.

ఎవరు అడగాలి

దుఃఖం అలలా వచ్చి పోతుంది. బిడ్డ ఏదో ముద్దుమాట అంటే అవ్వ నవ్వుతుంది, కాసేపటికి మళ్లీ కళ్లు తుడుచుకుంటుంది. అది మామూలే. రెండు వారాలు దాటినా ఏ మాటకూ నవ్వు రాకపోతే, ఎనుము ఈనినా చూడటానికి లేవకపోతే, తెల్లవారుజామున మెలకువొచ్చి ఇక నిద్ర పట్టకపోతే, పొయ్యి మీద పెట్టింది మరిచిపోతుంటే, దాన్ని ముసలితనం అని వదిలేయకూడదు. అది వైద్యం ఉన్న జబ్బు. డిప్రెషన్ మందులు పనిచేయడం మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. వారంలో తగ్గలేదని మానేయకూడదు. ఇవి అలవాటైపోయే నిద్రమాత్రలు కావు. అసలు ప్రమాదం మెడికల్ షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలతోనే. ముసలివాళ్లు వాటి మత్తులో రాత్రిపూట లేచి పడిపోతారు, తుంటి ఎముక విరుగుతుంది, మాట తికమకపడుతుంది.

మనసు బాధలు చెప్పుకోవడానికి టెలీమానస్ అనే ప్రభుత్వ సేవ ఉంది, 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పెద్దవాళ్ల కోసం 14567 ఉంది. ఇవి పనికొచ్చేవే. కానీ ఏ అవ్వా తనంతట తాను ఫోన్ తీసి "నాకు దిగులుగా ఉంది" అని చెప్పదు. ఆమె దగ్గరకే ఎవరో ఒకరు పోవాలి.

పోయేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. ప్రతి నెలా ఒకటో తేదీ పొద్దున గ్రామ సచివాలయం నుంచి ఒక మనిషి పింఛను పట్టుకుని గుమ్మంలోకి వస్తున్నారు. డిప్రెషన్ ఉందేమో గుర్తించడానికి వైద్యులు మొదట వాడే ప్రశ్నలు రెండే రెండు. ఈ రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి పోయిందా, దిగులుగా, ఏ ఆశా లేనట్టు అనిపిస్తోందా. వాటిని మన మాటల్లోకి మార్చుకుంటే "ఏమవ్వా, పని మీద మనసు పోకుండా ఉందా? రాత్రి దిగులు పడుతున్నావా?" అవుతుంది. ఏ ఇంట్లో బిడ్డకు పెద్ద జబ్బు చేసిందో ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఎలాగూ తెలుసు. ఆ ఇళ్ల పేర్లు రాసిపెట్టుకుని, ఆ గుమ్మాల్లో ఈ రెండు ప్రశ్నలు అడిగి, అవునన్న అవ్వ పేరు ఊరి నర్సు ఏఎన్ఎంకు చెప్పి, డాక్టరు వచ్చే రోజున ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టడానికి కొత్త పథకం అక్కర్లేదు. పింఛను యంత్రం మీద వేలిముద్ర మొదటిసారి పడదు, రెండు మూడుసార్లు పెట్టించాల్సి వస్తుంది. ఆ కాస్త సేపట్లోనే అడగవచ్చు.